రెగ్జిన్ జెండా చిచ్చా

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మేం ఎయిర్‌పోర్ట్ కార్గో షెడ్డులో మందుల పెట్టెలకు చీటీలు అంటిస్తున్నాం. నా ఫోన్ మోగింది. పక్కింటి చిచ్చా కొడుకు. "అక్కా, పప్పా పోయిండు" అన్నాడు. ఎప్పుడని అడిగాను, అది తెలిస్తే నేనేదో చేయగలనన్నట్టు. "తెల్లారగట్ల ఫజర్ నమాజుకు లేపుదామని అమ్మీ పోతే లేవలే" అన్నాడు. పక్కనున్న అమ్మాయికి పని అప్పజెప్పి బయటికి వచ్చి, దొరికిన క్యాబ్ ఎక్కాను. ఎక్కడికమ్మా అని డ్రైవర్ అడగలేదు. అతనికి అప్పటికే తెలుసు.

మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాక జనాజా లేచింది, ఆయన చివరి ప్రయాణం. మా సందు మొదలు నుంచి పాత బెంగుళూరు రోడ్డు దాకా క్యాబులు బారులు తీరాయి. డ్రైవర్లు డ్యూటీలు ఆపుకొని వచ్చారు. తలుపు తెరిచి ఉన్న బండి ఏది చూసినా లోపల వంకాయ రంగు సీట్లు, వాటికి పసుపు అంచు. తెలియనివాళ్లు ఇవన్నీ ఒకే కంపెనీ బండ్లనుకొని ఉంటారు. ఆ రంగు ఏ క్యాబ్ కంపెనీదీ కాదు. మా చిచ్చా ప్రాణం పెట్టుకున్న హాకీ జట్టుది. ఆ జట్టు నుంచి మాత్రం ఒక మనిషి రాలేదు, ఒక పూలదండ రాలేదు, ఒక ఫోన్ కూడా రాలేదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. నాకు చేతకావడం లేదు. చిచ్చాను తలుచుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేలోపే ఒళ్లు మండుతోంది. ఆ జట్టు పేరు కూడా ఇక్కడ రాయను. రాస్తే వాళ్లకు ఊరికే ప్రచారం చేసిపెట్టినట్టు. ఆ పని చిచ్చా బతికున్నన్నాళ్లు చేశాడు, చాలు.

చిచ్చా అంటే బాబాయి అనే గానీ ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒకటే, అంతే. రోడ్డు మీద కారు సీట్లకు కవర్లు కుట్టే దుకాణం ఆయనది. ఎయిర్‌పోర్ట్ రాకముందు లారీలకు, జీపులకు కుట్టేవాడు. వచ్చాక క్యాబులకు కుట్టాడు. సీట్లకు వాడే ఆ దళసరి గుడ్డను, చూడటానికి తోలులా ఉండేదాన్ని, రెగ్జిన్ అంటారు కదా. దాని వాసన ఆయన చేతులకు, చొక్కాలకు, ఆఖరికి తన చేతి బిర్యానీకి కూడా పట్టిందని ఆయన భార్య, మా చాచీ, దెప్పేది. చిన్నప్పుడు పాతబస్తీలో మొహల్లా హాకీ జట్టుకు ఎడమ వైపు ఆడేవాడట. మోకాలు దెబ్బతిన్నాక ఆట ఆగింది. పిచ్చి ఆగలేదు.

నాకు ఆ పిచ్చి అంటించిందీ ఆయనే. మా బడిలో ఆడపిల్లలకు హాకీ జట్టు పెట్టినప్పుడు కర్రలు ఎలాగో వచ్చాయి గానీ గోల్‌కీపర్ కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు రాలేదు. పొడుగ్గా ఉన్నానని నన్ను గోల్ ముందు నిలబెట్టారు. మొదటి రోజే పిక్కల మీద దెబ్బలతో కుంటుకుంటూ ఇంటికి వస్తుంటే చిచ్చా దుకాణం ముందు ఆపి చూశాడు. మర్నాటికి ప్యాడ్లు తయారు. పాత సీట్లలోని ఫోమ్ కోసి, పైన రెగ్జిన్ వేసి కుట్టాడు. ఒక కాలికి ఎరుపు, ఒక కాలికి నలుపు. మిగిలిన ముక్కలు అవేనట. నేను అవి కట్టుకొని నిలబడితే అవతలి జట్టు పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"నవ్వనియ్యి బేటీ" అన్నాడు చిచ్చా మైదానం గీత అవతల నుంచి. "నవ్వేటోనికి గురి కుదరది."

ఆ రోజు మేం చిత్తుగా ఓడాం. గురి కుదిరినవాళ్లు కూడా ఉన్నారన్నమాట. అయినా చిచ్చా చివరిదాకా గొంతు పోయేలా అరిచాడు. ఇంటికి వస్తూ, ఓడిపోయాం కదా ఎందుకంత అరిచావని అడిగాను. "ఓడిననాడే జర గట్టిగ అరవాలె. గెల్చిననాడు ఎవ్వడైనా అరుస్తడు" అన్నాడు. నేను పెద్ద ఆటగత్తెనేమీ కాలేదు. చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, అందరి దారే నాదీ. కానీ ఒక జట్టు పక్కన నిలబడటం అంటే ఏమిటో ఆ ఎరుపు నలుపు ప్యాడ్ల కాలంలోనే నేర్చుకున్నాను. ఆ అప్పు నేను తీర్చలేదు, తీరేదీ కాదు.

కొన్నేళ్ల కిందట పెద్ద పెద్ద కంపెనీలు కలిసి హాకీకి ఒక లీగ్ పెట్టాయి. ఊరికో జట్టు. వేలంలో ఆటగాళ్లు, చొక్కాల నిండా ప్రకటనలు, టీవీలో డప్పుల మోత. మన ఊరి పేరుతో కూడా ఒక జట్టు వచ్చింది. ఆ సాయంత్రం చిచ్చా మా ఇంటికి జిలేబీ పొట్లం పట్టుకొని వచ్చాడు, మనవడు పుట్టినంత సంబరంగా.

"మనోళ్లు వచ్చిండ్రు బేటీ! ఇగ చూస్కో."

నేను ఫోన్‌లో జట్టు పేర్లన్నీ చదివాను. పంజాబ్ వాళ్లు, ఒడిశా వాళ్లు, జర్మనీ నుంచి ఒకతను, హాలండ్ నుంచి ఇంకొకతను. మన రాష్ట్రం కుర్రాడు ఒక్కడూ లేడు. "ఇందుల మనోళ్లు ఎవరు చిచ్చా?" అని అడిగాను.

"చొక్కా మీద ఊరు పేరు ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"ఉంటే మనోళ్లే. ఖతం."

ఆయన లెక్క అంతే. ఆ రోజు నుంచి జట్టును ఇంకో పేరుతో పిలవలేదు. మనోళ్లు గెల్చిండ్రు, మనోళ్లు ఓడిండ్రు, మనోళ్లకు జర్మనీ పిల్లగాడు మంచిగ దొరికిండు. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియని క్యాబ్ డ్రైవర్లు కూడా దుకాణంలో కూర్చొని "చిచ్చా, మనోళ్లు నిన్న ఏం చేసిండ్రు?" అని అడగడం మొదలుపెట్టారు. అడక్కపోతే సీటు సరిగ్గా కుట్టడేమోనని కొందరికి భయం.

సీట్ల రంగు సంగతి కూడా అప్పుడే మొదలైంది. జట్టు చొక్కా వంకాయ రంగు, దానికి పసుపు అంచు. చిచ్చా ఆ రంగు రెగ్జిన్ తానులు తెప్పించి దుకాణం నింపాడు. నల్ల సీట్లు కావాలని వచ్చిన ఒక డ్రైవర్‌తో బేరం నా కళ్లముందే జరిగింది.

"నల్లది ఎండకు పెనం లెక్క కాల్తది. ఇది ఎయ్యిపిచ్చుకో" అన్నాడు చిచ్చా.

"ఇది వంకాయ తీరు ఉన్నది గద చిచ్చా!"

"బగారా బైంగన్ తిన్నవా ఎప్పుడన్న? తింటే గట్ల మాట్లాడవు."

అట్లా ఒక్కొక్క బండీ ఆ రంగులోకి మారింది. శంషాబాద్‌లో, ఆరాంఘర్‌లో, బడంగ్‌పేట్ కొత్త కాలనీల ముందు ఎక్కడ క్యాబ్ ఎక్కినా వంకాయ రంగు సీట్లో కూర్చోవాల్సిందే. లక్షలు పోసి ప్రకటనలు వేసే కంపెనీకి ఇంత ప్రచారం ఎవరు చేసిపెడతారు? వాళ్లకు తెలుసా అసలు?

జెండా కూడా అప్పుడే కుట్టాడు. దుకాణంలో ఉన్నది రెగ్జినే కాబట్టి రెగ్జిన్‌తోనే కుట్టాడు. ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవదు. ఎంత గాలి వీచినా ఎగరదు. ఎండలో ఆరేసిన బొంతలా వేలాడుతుంది. మా సందులో అందరూ నవ్వారు, నేను మరీ నవ్వాను. జెండా అంటేనే ఎగరాలి కదా చిచ్చా అన్నాను.

"ఎగరకుంటే ఏంది? వానకు తడవది, ఎండకు మాయది" అన్నాడు ముందు, పట్టువదలకుండా. తర్వాత కాస్త సిగ్గుపడి, "మనోళ్లు మన ఊర్ల మ్యాచ్ ఆడిననాడు మంచి సిల్కు గుడ్డది కుడుత. అందాక ఇదే" అన్నాడు.

ఆ మనిషి జట్టును అడిగింది అదొక్కటే. మన ఊళ్లో ఒక మ్యాచ్. కప్పు గెలవమని అడగలేదు. ఫైనల్ అడగలేదు. తన ఊరి పేరు చొక్కా మీద వేసుకున్న వాళ్లు తన ఊరి గడ్డ మీద ఒక్కసారి ఆడితే, గీత పక్కన నిలబడి అరవాలని ఆయన కోరిక.

ఆడలేదు. మొదటి సీజన్ మ్యాచ్‌లన్నీ వేరే రాష్ట్రంలో పెట్టారు. ఇక్కడి మైదానం సిద్ధంగా లేదన్నారు. మరుసటి సీజన్ కూడా అక్కడే. ఈసారి ఇక్కడ జనం రారన్నారు. ఆ తర్వాత టీవీ కెమెరాలన్నీ ఒకేచోట ఉంటే సులువన్నారు. జనం రారని ఎవరు చెప్పారు వాళ్లకు? వచ్చి ఒక్కసారి చూశారా? ఇంటికి పిలవకుండానే చుట్టాలు రారని తేల్చేసినట్టుంది.

అయితే ఆ జట్టు మన ఊరికి అసలు రాలేదని అనడానికి లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు శంషాబాద్‌లో విమానం దిగేది. ఎయిర్‌పోర్ట్ పక్కనున్న పెద్ద హోటల్లో ప్రకటనల వాళ్లతో ఫొటోలు, విందు. మర్నాడు మళ్లీ విమానం. ఆరాంఘర్ దాటి ఊళ్లోకి ఒక్కసారీ అడుగు పెట్టలేదు. చార్మినార్‌ను వాళ్లు చూసింది చొక్కా మీది బొమ్మలోనే. హోటల్ డ్యూటీలకు వెళ్లే డ్రైవర్లు చిచ్చాకు కబురు అందించేవాళ్లు. "చిచ్చా, మనోళ్లు దిగుతున్నరట." అంతే, మిషన్ ఆపి, దుకాణం కొడుకుకు వదిలి, జెండా చుట్ట భుజాన వేసుకొని బయల్దేరేవాడు. జెండా రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి చాలాసార్లు నేనూ వెళ్లాను. నాకు ఎటూ షెడ్డు అక్కడే.

ప్రయాణికులు బయటికి వచ్చే చోట, చుట్టాల కోసం ఎదురుచూసే జనంలో, గల్ఫ్ నుంచి వచ్చే కొడుకుల కోసం నిలబడిన తల్లుల మధ్య, మేమిద్దరం వంకాయ రంగు బొంత పట్టుకొని నిలబడేవాళ్లం. మిగతా ఊళ్ల జట్లకు స్టేడియాలున్నాయి. మా జట్టుకు సొంత మైదానం ఆ గేటు ముందున్న ఫుట్‌పాతే.

ఒకసారి ఏమైందంటే, మేం నిలబడి ఉండగా పొడుగాటి సంచులు భుజాన వేసుకొని ఐదారుగురు గట్టి మనుషులు బయటికి వచ్చారు. చిచ్చా కళ్లజోడు తెచ్చుకోలేదు. పొడుగాటి సంచి అంటే లోపల హాకీ కర్రే ఉంటుందని ఆయన నమ్మకం. నేను ఆగమనేలోపే జెండా నా మీద పడేసి పరుగెత్తి, మల్లెపూల దండ ముందు నడుస్తున్న ఆయన మెడలో వేశాడు. "షేర్! షేర్!" అని, సింహాన్ని పిలిచినట్టు అరిచాడు. నిజానికి వాళ్లు గోల్ఫ్ ఆడుకోవడానికి వచ్చిన వ్యాపారులు. దండ పడ్డాయన ఇదేదో హోటల్ వాళ్ల మర్యాద అనుకొని, తన బరువైన సంచి తీసి చిచ్చా చేతిలో పెట్టి, "కారు ఎక్కడ?" అని అడిగాడు.

చిచ్చా సంచి తెరిచి చూసి, మళ్లీ మూసి, దాన్ని కారు దాకా మోసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. "ఏం చేస్త బేటీ, పూలు ఏసినంక వాపసు తీసుకుంటే మంచిగుండది" అన్నాడు. ఆ తర్వాత అసలు జట్టు వచ్చేసరికి ఇవ్వడానికి దండ లేదు. నేను జడలోని పూలు తీసి ఇచ్చాను. జర్మనీ కుర్రాడికి అవే దక్కాయి. వాడు వాటిని చెవి మీద పెట్టుకొని నవ్వాడు. ఆటగాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లను ఏ బస్సు ఎక్కమంటే ఆ బస్సు ఎక్కుతారు.

నా కోపం ఆ మేనేజర్ మీద, వాడి వెనకున్న కంపెనీ మీద. జట్టుతో పాటు మేనేజర్ కూడా వచ్చేవాడు. చిచ్చా ప్రతిసారీ ఆయన ముందుకు వెళ్లి, చేతులు కట్టుకొని అడిగేవాడు. "సార్, మన ఊర్ల మ్యాచ్ ఎప్పుడు సార్?"

"తప్పకుండా అండీ. వచ్చే సీజన్ చూద్దాం" అనేవాడాయన, ఫోన్ మీంచి కళ్లెత్తకుండా. చిచ్చా తిరుగుదారిలో ఆ మాటను మిఠాయిలా నోట్లో తిప్పుకుంటూ వచ్చేవాడు. "విన్నవా బేటీ? వచ్చే సీజన్ అన్నడు. తప్పకుండ అని కూడ అన్నడు." నేను పళ్లు నూరుకొని ఊరుకునేదాన్ని.

ఒకసారి ఆ గేటు దగ్గరే కంపెనీ ఫొటోగ్రాఫర్ చిచ్చాను నిలబెట్టి ఫొటోలు తీసుకున్నాడు. తెల్లగడ్డం, వంకాయ చొక్కా, ఆ చొక్కా మీద ఊరి పేరు, కళ్లలో ఆ వెలుగు. కొన్నాళ్లకు ఆరాంఘర్ చౌరస్తాలో పెద్ద బోర్డు లేచింది. బోర్డంతా చిచ్చా మొహం. కింద "మన నగరం, మన గుండె" అని పెద్ద అక్షరాలు. ఆయన్ను అడిగిన పాపాన పోలేదు. చెప్పిన పాపాన కూడా పోలేదు. ఒక డ్రైవర్ సిగ్నల్ దగ్గర చూసి ఫోన్ చేస్తే తెలిసింది. చిచ్చా మాత్రం చాచీని, నన్ను ఆటోలో ఎక్కించుకొని పోయి చూపించాడు. చాచీ కిందనుంచి పైదాకా చూసి, "గడ్డం దువ్వుకోకుండ ఎందుకు దిగినవు?" అంది. ఆ బోర్డు కింద నిలబడి నేను అనుకున్నది మాత్రం వేరు. జట్టు ఆరాంఘర్ దాకా రాలేదు గానీ ఆయన మొహాన్ని తెచ్చి అక్కడ వేలాడదీసింది. గుండె మనదట, ఆట ఇంకెక్కడో.

ఒక రోజు ఇక ఉండబట్టలేక పోట్లాట పెట్టుకున్నాను. జట్టు వరుసగా ఓడుతోంది, చిచ్చా దగ్గుతూనే టీవీ ముందు అరుస్తున్నాడు. "వాళ్లు మనోళ్లు కాదు చిచ్చా. మన పేరు కిరాయికి తీసుకున్నరు, అంతే" అన్నాను. ఆయన టీవీ నుంచి మొహం తిప్పలేదు.

"కిరాయికున్నోళ్లు కూడ ఇంట్ల ఉన్నన్ని రోజులు ఇంటోళ్లే బేటీ."

"కిరాయికున్నోళ్లు ఇంట్ల ఉంటరు. వీళ్లు గడప కూడ తొక్కలే."

"చొక్కా మీద ఊరు పేరు ఉన్నది గద" అని మెల్లగా అన్నాడు, నాతో కాదు, తనతోనే.

ఆ పేరు కూడా పోయింది. నాలుగైదు నెలల కిందట కంపెనీ జట్టును ఇంకొకళ్లకు అమ్మేసింది. కొన్నవాళ్లు దాన్ని వేరే ఊరికి తరలించారు. పేరు మార్చారు, రంగు మార్చారు. ఆటగాళ్లు వాళ్లే, మేనేజర్ ఆయనే. మన ఊరికి ఒక్క ముక్క చెప్పలేదు. ఇల్లు ఖాళీ చేసేవాడు కూడా పక్కింటికి చెప్పి పోతాడు కదా! వార్త ఒక డ్రైవర్ ఫోన్‌లో వచ్చింది. అప్పుడు నేను దుకాణంలోనే ఉన్నాను, మా స్కూటీ సీటు చిరిగితే కుట్టించుకుంటూ. డ్రైవర్ మెల్లగా చదివి వినిపించాడు. చిచ్చా మిషన్ ఆపలేదు. ఆ వరస కుట్టు చివరిదాకా కుట్టాడు, దారం కొరికాడు. అప్పుడు అడిగాడు.

"ఇగ చొక్కా మీద ఏం రాస్తరట?"

డ్రైవర్ ఆ ఊరి పేరు చెప్పాడు. చిచ్చా తలూపాడు. ఏదైనా అంటే బాగుండు, తిడితే బాగుండు. ఆయన బదులు నేనే ఆ కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాను. వినడానికి అక్కడ కంపెనీ లేదు.

ఇంతలో కొత్త బండి కొన్న ఒకతను వచ్చి, సీట్లు కుట్టాలి చిచ్చా అన్నాడు. చిచ్చా టేపు తీసుకొని లేచాడు. బండి దాకా పోయి, తలుపు మీద చెయ్యి పెట్టి ఆగి, "ఏ రంగు కావాలె?" అని అడిగాడు.

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఏ రంగో ఆయనే చెప్పేవాడు, అవతలివాళ్లు గొణుక్కుంటూ ఒప్పుకునేవాళ్లు. ఆ కుర్రాడు సంతోషంగా "నలుపు" అన్నాడు. చిచ్చా ఎండ గురించి ఏమీ అనకుండా, లోపలికి పోయి నల్ల తాను దించాడు. నాకు అక్కడ నిలబడాలనిపించలేదు.

జట్టు వల్లనే ఆయన పోయాడని అనను. వయసు మీద పడినవాడు, రోజూ రెగ్జిన్ దుమ్ము పీల్చినవాడు, బీడీ మానమంటే నవ్వేసినవాడు. దవాఖానలో డాక్టర్ ఊపిరితిత్తుల సంగతి వివరంగానే చెప్పాడు. కానీ ఆ రోజు తర్వాత ఆయన గొంతు పైకి లేవలేదన్నది నాకు తెలుసు. డాక్టర్ గట్టిగా దగ్గమంటే కూడా మెల్లగా దగ్గేవాడు. ఎప్పుడు వెళ్లినా "మనోళ్లు" అనే మాట వస్తుందేమోనని ఎదురుచూసేదాన్ని. రాలేదు.

పోయిన మూడోనాడు ఇంట్లో ఫాతిహా ప్రార్థన చదువుతుంటే ఆయన ఫోన్ మోగింది. కొడుకు తీసి చూసి నాకు ఇచ్చాడు. జట్టు అభిమానుల సంఘం నుంచి సందేశం. "ప్రియమైన అభిమానీ! కొత్త ఊరు, కొత్త రంగు, అదే గుండె. మీ కొత్త చొక్కా ఈ రోజే కొనండి." ఎంత ధైర్యం! అదే గుండెనట. ఆ గుండెను అంతకు రెండ్రోజుల ముందే మట్టిలో పెట్టి వచ్చారు మావాళ్లు.

ఆ కోపంలోనే బోర్డు పెట్టిన కంపెనీకి రాశాను. మీ బోర్డు మీద మొహం ఉన్న మనిషి పోయాడు, మీ జట్టు పేరు మీద ఇంతమందిని పోగేసిన మనిషి, కనీసం ఆ ఇంటికి ఒక మాట చెప్పండి, ఆ బోర్డు ఇంకా ఆరాంఘర్‌లో ఎండుతోంది, దాన్ని మర్యాదగా దించండి అని. ఆ గంటలోనే జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదు అందింది. మా సేవలతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారో తెలపండి" అని, కింద ఐదు నక్షత్రాలు. బోర్డు దించింది మన డ్రైవర్లే. నలుగురు నిచ్చెన వేసి, జాగ్రత్తగా విప్పి, మడతపెట్టి ఇంటికి తెచ్చి ఇచ్చారు.

ఇక హాకీ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ లీగ్ పాట ఎక్కడ వినిపించినా టీవీ కట్టేస్తున్నాను. మా పిల్లలు నన్ను చూసి భయపడుతున్నారు.

చాచీ ఇప్పుడు ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు గడప దాటకుండా ఉండే కాలం అది. డ్యూటీ దిగాక నేను వెళ్లి కాసేపు కూర్చుంటున్నాను. ఈ ఇంట్లో హాకీ అంటే గిట్టని మనిషి ఎవరైనా ఉంటే అది చాచీనే. మ్యాచ్ ఉన్ననాడు అన్నం చల్లారిపోతుందని, ఆ అరుపులకు పాలు విరుగుతాయని, ఆయన్ను రోజూ సాధించేది. గోల్ అంటే ఏమిటో కూడా నేర్చుకోనని పంతం పట్టిన మనిషి.

మొన్న ఆదివారం సాయంత్రం వెళ్లేసరికి టీవీ పెట్టి ఉంది, గొంతు బాగా తగ్గించి. కొత్త సీజన్ మొదటి మ్యాచ్. చాచీ చాప వేసుకొని తెరకు దగ్గరగా కూర్చుంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఆయన చూసే టైమ్ గద బేటీ" అంది. "చప్పుడు లేకుంటే ఇల్లు మంచిగ అనిపిస్తలేదు. రా, కూసో."

ఒట్టు సంగతి చాచీకి ఎలా చెప్పను? పక్కన కూర్చున్నాను. తెర మీద ఒక జట్టు తెల్ల చొక్కాల్లో ఉంది, ఒకటి ఎర్ర చొక్కాల్లో. వంకాయ రంగు ఎక్కడా లేదు. చాచీ చాలాసేపు వెతికింది. తెర మీద పరుగెత్తే వాళ్లను ఒక్కొక్కళ్లనే చూసింది. ఆఖరికి నా మోచెయ్యి పట్టుకుంది.

"వీళ్లల్ల మనోళ్లు ఎవరు బేటీ?"

తెల్ల చొక్కాల వాళ్లు అని నాకు తెలుసు. జర్మనీ కుర్రాడిని అప్పటికే గుర్తుపట్టాను. మనోళ్లు ఎవరూ లేరు చాచీ, మనకు ఎవరూ లేరు అని కూడా నోటిదాకా వచ్చింది. రెండిట్లో ఏదీ అనలేకపోయాను. చాచీ తెర వైపు తిరిగింది.

ఎర్ర చొక్కాల వాళ్లు గోల్ కొట్టారు. చాచీ చప్పుడు కాకుండా మోకాలి మీద అరచేత్తో తట్టి, "మాషాల్లా" అంది, నా వైపు చూసింది. కాసేపటికి తెల్ల చొక్కాల వాళ్లు కొట్టారు. మళ్లీ మోకాలి మీద తట్టింది, మళ్లీ "మాషాల్లా" అంది. అలా ఆట అయిపోయేదాకా, ఎవరు గోల్ కొట్టినా చాచీ మోకాలి మీద తడుతూనే ఉంది. తట్టిన ప్రతిసారీ, వీళ్లేనా అన్నట్టు నా మొహంలోకి చూస్తూనే ఉంది.